ఫోర్ట్ కొచ్చిలో నెల రోజులు: ముందు మెట్లు చూడండి

ప్రశ్న: మాది సికింద్రాబాద్, వెస్ట్ మారేడ్‌పల్లి. నేను పెళ్లయి వచ్చిన రోజుల్లో మా వీధి నిండా పెంకుటిళ్లు, పెరళ్లలో మామిడిచెట్లు ఉండేవి. ఇప్పుడు మా ఇల్లు కూడా బిల్డరుకు ఇచ్చేశాం. అది కట్టేదాకా అద్దె ఫ్లాట్‌లో ఉండాలి. ఈలోగా నెల రోజులు ఎక్కడికైనా వెళ్లి ఉండాలని నా కోరిక. ఆఫీసు పని ఎక్కడినుంచైనా చేసుకోగలను. కేరళలో కొచ్చి నగరం పాత భాగమైన ఫోర్ట్ కొచ్చి ఫొటోలు చూసి మనసు పడ్డాను. పెద్ద చెట్లు, పాత ఇళ్లు, పక్కనే సముద్రం. మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనేమో ‘ఉంటే నీటికి అవతలి ఒడ్డున ఎర్నాకుళంలో హోటల్‌లో ఉందాం, స్టేషను దగ్గర, ఆసుపత్రి దగ్గర. ఫోర్ట్ కొచ్చి ఒక పూట చూసి వస్తే చాలు’ అంటున్నారు. మా అత్తగారు కూడా వస్తారు. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఉల్లి, వెల్లుల్లి ముట్టరు, పూజ అయ్యేదాకా కాఫీ కూడా తాగరు. మే నెలలో వెళ్లమంటారా, దసరా తర్వాత వెళ్లమంటారా? నెల రోజులంటే విసుగు పుడుతుందా? పాత ఇంట్లో గది తీసుకోవడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

సమాధానం: అమ్మా, మీరు చాలా అడిగారు గానీ అసలు అడగవలసింది వదిలేశారు. మీ అత్తగారి గది కింద ఉంటుందా, మేడ మీద ఉంటుందా? ఫోర్ట్ కొచ్చిలో పాత ఇళ్లకు చెక్క మెట్లుంటాయి. నిటారుగా, ఇరుకుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఒక పక్కనే కమ్మీ ఉంటుంది, కొన్నిచోట్ల అదీ ఉండదు. అందమైన గదులన్నీ మేడ మీదే ఉంటాయి, ఫొటోల్లో మీరు చూసినవీ అవే. కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. ఎర్నాకుళంలో కాదు, ఫోర్ట్ కొచ్చిలోనే ఉండండి. అయితే నీటి ఒడ్డున వద్దు, లోపలి వీధిలో ఉండండి. నేల అంతస్తులో గది దొరికితేనే ఉండండి. అది దొరకకపోతే మీవారి మాట వినడం మంచిది.

ఎందుకు ఎర్నాకుళం వద్దంటున్నానో చెప్పాలి. మీరు కోరుకుంటున్నది చూసి వచ్చే ఊరు కాదు, కొన్నాళ్లు కాపురం ఉండే వీధి. ఎర్నాకుళం నుంచి పొద్దున తొమ్మిదింటికి బయలుదేరి వెళ్లేవారికి ఫోర్ట్ కొచ్చి ఎండలో, టూరిస్టు బస్సుల మధ్య కనిపిస్తుంది. సాయంత్రం ఒడ్డున ఉన్న చీనా చేపల వలల దగ్గర జనంలో నిలబడి, చీకటి పడగానే తిరిగి వచ్చేస్తారు. ఆ ఊరు నిజంగా బాగుండేది పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా. పరేడ్ గ్రౌండ్ చుట్టూ ఉన్న నిద్రగన్నేరు చెట్లు అప్పుడే ఆకులు విప్పుకుంటాయి. మైదానంలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. పెద్దవాళ్లు నడకకు వస్తారు, ఇళ్ల గుమ్మాల దగ్గర పేపరు చదువుకునేవాళ్లు కనిపిస్తారు. ఆ రెండున్నర గంటలు దక్కాలంటే రాత్రి అక్కడే నిద్రపోయి ఉండాలి.

నిద్రగన్నేరు మీకు కొత్త చెట్టేమీ కాదు. మన హైదరాబాద్ రోడ్ల పక్కన కూడా ఉంది. సాయంకాలానికీ మబ్బు పట్టినప్పుడూ ఆకులు ముడుచుకుంటుంది, గులాబీ రంగు కుచ్చుల్లాంటి పూలు పూస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెట్టు. ఫోర్ట్ కొచ్చి తేమకు దాని కొమ్మల మీద ఫెర్న్‌లు, బదనికలు దట్టంగా అల్లుకుని ఉంటాయి, మన దగ్గర అంత పచ్చదనం కనిపించదు. గాలివానకు మాత్రం ఈ చెట్ల కొమ్మలు విరిగిపడతాయి. కారు అద్దెకు తీసుకుంటే నీడ కదా అని వాటి కింద రాత్రంతా నిలపకండి.

ఆ ఇళ్లను అర్థం చేసుకోవడానికి కాస్త చరిత్ర కావాలి. పోర్చుగీసులు 1503లో అక్కడ కోట కట్టారు. 1663లో డచ్చివాళ్లు దాన్ని గెలుచుకుని, ఊరిని తమ అవసరానికి తగినట్లు కుదించుకున్నారు. 1795లో బ్రిటిష్‌వాళ్ల చేతికి వచ్చింది, 1806లో వాళ్లు కోట గోడలు పడగొట్టించారు. అందువల్ల కోట కోసం వెతకకండి, ఒడ్డున బురుజుల ఆనవాళ్లు తప్ప ఇంకేమీ లేదు. మిగిలినవి ఇళ్లూ వీధులే. ఒక ఇంట్లో కింద డచ్చి కాలపు గోడ, పైన బ్రిటిష్ కాలపు వరండా, వెనక నిన్న మొన్న కట్టిన బాత్రూము ఉండవచ్చు. ఈ కలగలుపు బయటి నుంచి చూడడానికి ముచ్చటగా ఉంటుంది. లోపల ఉండేవాళ్లకు గదికీ గదికీ మధ్య ఒక మెట్టు ఎక్కువో తక్కువో ఉంటుంది, గడపలు ఎత్తుగా ఉంటాయి, బాత్రూములోకి దిగాలో ఎక్కాలో చీకట్లో తెలియదు. మోకాళ్ల నొప్పులున్నవారికి మేడమెట్ల తర్వాత ప్రమాదం ఇక్కడే.

గోడల సంగతి ఒకటి మీ ఉద్యోగానికి సంబంధించినది. లాటరైట్ అనే ఎర్రరాయితో, సున్నంతో కట్టిన మందపాటి గోడలవి. మధ్యాహ్నం ఇంట్లో చల్లగా ఉంటుంది గానీ, వైఫై మాత్రం ఆ గోడలను దాటదు. ముందు గదిలో రూటరు పెట్టి ‘ఇంటర్‌నెట్ ఉంది’ అని రాసేస్తారు. అది అబద్ధం కాదు, కానీ మీ మంచం దగ్గరికి రాదు. అడ్వాన్సు కట్టేముందు ఇంటివారిని మీరు ఉండబోయే గదిలో నిలబడి వీడియో కాల్ చేయమనండి. ఆ ఒక్క కాల్‌లో నెట్ తెలుస్తుంది, మెట్లు తెలుస్తాయి, బాత్రూము గడప ఎత్తు తెలుస్తుంది, కిటికీకి దోమల జాలీ ఉందో లేదో కూడా తెలుస్తుంది. కెమెరాను ఒకసారి వీధి వైపు తిప్పమనండి, పక్కన ఎవరైనా ఇల్లు కడుతున్నారేమో చూసుకోవచ్చు. నెల రోజులు అక్కడ కూర్చుని పని చేసుకోవలసినవారు మీరే.

దోమల గురించి ఎంత చెప్పినా తక్కువే. కొచ్చి దోమలు కేరళలోనే పేరు మోసినవి. చుట్టూ కాలువలు, నిలవ నీరు, చెట్లు, తేమ. జాలీ లేని కిటికీ ఉన్న గదిని, అది ఎంత చరిత్ర ఉన్నదైనా సరే, వదిలేయండి. దోమతెర అడగండి, వాళ్ల దగ్గర లేకపోతే మీ ఇంటిది మడిచి పెట్టెలో పెట్టుకోండి. రెండో ఇబ్బంది నీళ్లు. ఫోర్ట్ కొచ్చి ఉన్న పశ్చిమ కొచ్చిలో నీటి కటకట పాత కథే. కుళాయి ఎప్పుడు వస్తుంది, ట్యాంకు ఎంత, తాగడానికి క్యాన్లు ఎవరు వేస్తారు అని అడగండి. మారేడ్‌పల్లిలో ఇన్నేళ్లు కాపురం చేసిన మీకు ఈ ప్రశ్నలు నేర్పనవసరం లేదనుకోండి.

ఇక వీధులు. ప్రిన్సెస్ స్ట్రీట్, రోజ్ స్ట్రీట్ అందరూ చెప్పే పేర్లు. నడవడానికి బాగుంటాయి, కేఫ్‌లున్నాయి, కానీ రాత్రి పదిదాకా సందడి తగ్గదు. రివర్ రోడ్డు వైపు, చీనా వలల దగ్గర ఉండవద్దని ముఖ్యంగా మీ అత్తగారి కోసం చెబుతున్నాను. వలలు పక్కనే, చేపల బల్లలు పక్కనే. పట్టిన చేపను అక్కడే అమ్ముతారు. ఆ వాసన కొందరికి సముద్రం వాసనే, ఆమెకు మాత్రం కాదు. బర్గర్ స్ట్రీట్, క్విరోస్ స్ట్రీట్, నేపియర్ స్ట్రీట్ ప్రాంతాల్లో చూడండి. ఒడ్డుకు నడిచి వెళ్లేంత దగ్గర, రద్దీ అంటని దూరం. ఊరు చిన్నది కాబట్టి ఏ వీధిలో ఉన్నా పావుగంటలో పరేడ్ గ్రౌండ్ చేరుకుంటారు.

సముద్రం గురించి ఉన్నమాట చెప్పేస్తాను. ఫోర్ట్ కొచ్చి ఒడ్డు స్నానానికి పనికిరాదు. ఇసుక చాలావరకు కోసుకుపోయింది. వానాకాలంలో, ఆ తర్వాత కొన్నాళ్లూ వేంబనాడు కాయల్ (సరస్సు) నుంచి గుర్రపు డెక్క కొట్టుకువచ్చి ఒడ్డంతా పేరుకుంటుంది. అక్కడి సముద్రం కూర్చుని చూడడానికి. హార్బరులోకి వెళ్లే పెద్ద ఓడ మీ ఎదుటి నుంచి, ఇంత దగ్గరగా పోతుందా అన్నంత దగ్గరగా పోతుంది. కాళ్లు తడుపుకోవాలని ఉంటే ఒక రోజు పడవ దాటి వైపిన్ దీవి మీదుగా చెరాయి బీచికి వెళ్లి రండి.

నెల ఏది అన్నారు. మే వద్దు, దసరా తర్వాతా వద్దు. మేలో ఉష్ణోగ్రత చూసి మనవాళ్లు మోసపోతారు. హైదరాబాద్‌లో నలభై దాటినప్పుడు అక్కడ ముప్పై మూడు ముప్పై నాలుగు ఉంటుంది, హాయే కదా అనుకుంటారు. ఆ ముప్పై మూడులో చెమట ఆరదు. స్నానం చేసి బట్టలు కట్టుకునేలోపే మళ్లీ స్నానం చేయాలనిపిస్తుంది. నెలాఖరుకు ఉరుముల వానలు, జూన్ ఒకటి ప్రాంతంలో అసలు వర్షాకాలం. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే కొచ్చిలో 3000 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. వాన చూడాలని వెళ్లేవారికి జూలై ఒక అనుభవమే. ఉతికిన చీర మూడు రోజులకు కూడా ఆరకపోవడం కూడా అందులో భాగం. దసరా తర్వాత, అంటే అక్టోబరు, నవంబరు నెలల్లో, ఈశాన్య రుతుపవనాల వల్ల మధ్యాహ్నం దాటాక పిడుగులతో వానలు పడతాయి. డిసెంబరు బాగుంటుంది గానీ ఆఖరి వారం కార్నివాల్. 31 రాత్రి ‘పప్పాంజి’ అనే పెద్ద బొమ్మను తగలబెట్టడం చూడడానికి జనం విరగబడతారు, ఆ వారం గదుల ధరలు చెప్పనలవి కాదు.

సంక్రాంతి ఇంట్లో చేసుకోండి. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఆ మాట నిలబెట్టి, రెండు మూడు రోజులు ఆగి బయలుదేరండి. జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా వాన బెడద ఉండదు, పొద్దున గాలి చల్లగా ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. సికింద్రాబాద్ నుంచి కేరళ వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ నవంబరు నడిమి నుంచి మకరజ్యోతి దాకా స్వాములతో కిక్కిరిసి ఉంటుంది. ఆ రోజుల్లో మీ అత్తగారికి కింది బెర్తు దొరకడం కష్టం. జ్యోతి దర్శనం అయిపోయాక రద్దీ తగ్గుతుంది. రిజర్వేషన్లు ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు కాబట్టి నవంబరులోనే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఎర్నాకుళం టౌన్ స్టేషన్‌లో దిగాలి. అయితే మోకాళ్ల నొప్పులతో అంతసేపు రైలు అనవసరం అనిపిస్తే, విమానంలో గంటన్నర. విమానాశ్రయం నెడుంబాశ్శేరిలో ఉంది, అక్కడి నుంచి ఫోర్ట్ కొచ్చి నలభై కిలోమీటర్లకు పైమాటే. సాయంత్రం దిగితే ఆ ట్యాక్సీ ప్రయాణం విమానం కన్నా ఎక్కువసేపు పట్టవచ్చు, పగటి విమానమే చూసుకోండి.

ఒక హెచ్చరిక. కొచ్చి బినాలే అనే కళా ప్రదర్శన జరిగే ఏడాదైతే డిసెంబరు నుంచి మార్చి దాకా ఊరంతా కళాకారులు, చూడవచ్చేవాళ్లు. 2012లో మొదలైన ఈ ప్రదర్శన పాత గిడ్డంగుల్లో, బంగళాల్లో జరుగుతుంది. మీకు చిత్రాలు, శిల్పాలు ఇష్టమైతే నెల రోజులూ చాలవు. ఇష్టం లేకపోతే అద్దె మాత్రం మీకూ పెరుగుతుంది. తేదీలు చూసుకుని నిర్ణయించుకోండి.

మీ అత్తగారి భోజనం దగ్గరికి వద్దాం. అక్కడ రోజూ వండేది ఉప్పుడు బియ్యం, అందులోనూ ఎర్రగా లావుగా ఉండే మట్ట బియ్యం. ఒకటి రెండు పూటలు రుచి చూడడానికి బాగుంటుంది, ఆ వయసులో నెల రోజులు అరిగించుకోవడం కష్టం. సోనామసూరి ఓ ఐదారు కిలోలు, కందిపప్పు, చింతపండు, ఆవకాయ, కారప్పొడి వెంట తీసుకువెళ్లండి. కాఫీ ఫిల్టరు, పొడి మరిచిపోవద్దు, అది టీ తాగే ఊరు. అప్పడాలు, వడియాలు మాత్రం గాలి చొరని డబ్బాలో పెట్టండి, లేకపోతే ఆ తేమకు రెండు రోజుల్లో మెత్తబడతాయి. కూరగాయలకు తోప్పుంపడి దాకా వెళ్లవచ్చు. గోంగూర మీద ఆశ పెట్టుకోకండి.

వంటిల్లు గురించి ఇంటివారితో ముందే తేటగా మాట్లాడుకోండి. ఫోర్ట్ కొచ్చిలో హోమ్‌స్టే నడిపేవారిలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాలవారు, ఆంగ్లో ఇండియన్లు. వాళ్లింట చేపలు, మాంసం వండుకుంటారు, అది వాళ్ల ఇల్లు. వెళ్లాక ముఖం చిట్లించడం కన్నా ముందే ‘మాకు విడిగా ఒక స్టౌ, మా గిన్నెలు పెట్టుకోవడానికి చోటు కావాలి’ అని అడగడం మర్యాద. కొందరు వరండా చివర చిన్న వంటగది ఇస్తారు, కొందరు కుదరదంటారు. కుదరదన్నవారిని బతిమాలకండి. కేరళ పర్యాటక శాఖ ఈ ఇళ్లకు డైమండ్, గోల్డ్, సిల్వర్ అని తరగతులు ఇస్తుంది. శుభ్రతకు అది కొంత భరోసా. ఆచారాల సంగతి మాత్రం ఆ బోర్డు చెప్పదు, మీరే అడగాలి. ఇంకొకటి, అద్దెను రోజుకింత అని ముప్పైతో గుణించి ఒప్పుకోకండి. నెలకు వేరే లెక్క ఉంటుంది, మీవారు బ్యాంకు మనిషి కదా, ఆ బేరం ఆయనకు వదిలేయండి.

ఇప్పుడు మీ అత్తగారికి నచ్చే కబురు. రెండు కిలోమీటర్ల అవతల మట్టాంచేరి ఉంది. అక్కడ చెర్లాయి దగ్గర కొచ్చిన్ తిరుమల దేవస్వం అని కొంకణీ గౌడ సారస్వతుల గుడి ఉంది. గోవాలో పోర్చుగీసుల ఒత్తిడి తట్టుకోలేక 16వ శతాబ్దంలో వచ్చి స్థిరపడినవాళ్లు కట్టుకున్నది. లోపల ఉన్నది వేంకటేశ్వరుడే. మలయాళం రాకపోయినా దణ్ణానికి ఇబ్బంది ఉండదు. కేరళ గుళ్ల పద్ధతి ప్రకారం మీవారు చొక్కా తీసి, పంచె కట్టుకుని రావాలి, సూట్‌కేసులో రెండు పంచెలు వేసుకోండి. అదే మట్టాంచేరిలో గుజరాతీ రోడ్డు, జైన దేవాలయం ఉన్నాయి. జైనులు ఉల్లి, వెల్లుల్లి తినరు కాబట్టి ఆ వీధుల్లో ఆవిడ తినదగ్గ పదార్థాలు దొరుకుతాయి. ఫోర్ట్ కొచ్చి కేఫ్‌లలో ‘వెజ్’ అని రాసి ఉన్నది ఆవిడ లెక్కలో వెజ్ కాకపోవచ్చు. మట్టాంచేరిలో అలాంటి అనుమానం తక్కువ. ఒక సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే: ఆ చిన్న చోటులో కొంకణి, గుజరాతీ, తమిళం, కచ్ఛీ, దక్కనీ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా పక్కపక్కనే ఉన్నాయి. మీ హైదరాబాదీ ఉర్దూ అక్కడ ఎవరితోనైనా కలిసినా కలుస్తుంది.

బట్టల బాధ కూడా తీర్చేవారున్నారు. ఫోర్ట్ కొచ్చిలో వేలి దగ్గర ధోబీఖానా ఉంది. డచ్చివాళ్ల కాలంలో తమిళ ప్రాంతం నుంచి వచ్చిన చాకలి కుటుంబాల వారసులు ఇప్పటికీ అక్కడ రాతి తొట్ల దగ్గర చేత్తో ఉతికి, తాళ్ల మీద ఆరేసి, ఇస్త్రీ చేసి ఇస్తారు. చాలామంది వెళ్లి ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. మీరు బట్టలు ఇచ్చి రండి, వాళ్లకు పని, మీకు సుఖం.

మీవారి మాటలోనూ నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. ఫోర్ట్ కొచ్చిలో ప్రభుత్వ తాలూకా ఆసుపత్రి ఉంది. పెద్ద ఆసుపత్రులన్నీ ఎర్నాకుళం వైపే. నీటి మీద చూస్తే ఎదురుగా కనిపించే ఊరికి రోడ్డు మీద వంతెనలు దాటి పది పన్నెండు కిలోమీటర్లు వెళ్లాలి, రాత్రి పొద్దుపోయాక పడవలుండవు. అత్తగారికి మోకాళ్లు కాక గుండె జబ్బో, ఆయాసమో ఉంటే నేను కూడా ఆయన పక్షమే. అవేవీ లేకపోతే, దిగిన రోజే రాత్రిపూట వచ్చే ట్యాక్సీ అతని నంబరు ఇంటివారిని అడిగి రాసిపెట్టుకోండి. మందులు నెలకు సరిపడా వెంట ఉంచుకోండి.

పగటిపూట రాకపోకలకు ఇప్పుడు కష్టం లేదు. ఎర్నాకుళం జెట్టీ నుంచి ప్రభుత్వ జల రవాణా శాఖ పడవలు నడుస్తాయి, టిక్కెట్టు కొద్ది రూపాయలే, ఇరవై నిమిషాల ప్రయాణం. అయితే ఊగే పడవలోకి అడుగు వేయడం పెద్దవారికి భయం. 2023లో మొదలైన వాటర్ మెట్రో 2024 నుంచి హైకోర్టు టెర్మినల్ నుంచి ఫోర్ట్ కొచ్చికి కూడా వస్తోంది. బ్యాటరీతో నడిచే ఏసీ పడవలవి. ఎక్కే వేదిక నీటిమట్టంతో పాటే పైకీ కిందికీ తేలుతుంది, అందువల్ల పోటు ఉన్నా పాటు ఉన్నా వేదికా పడవా సమానంగా ఉంటాయి. చక్రాల కుర్చీ కూడా పోతుంది. మీ అత్తగారిని దీన్లోనే ఎక్కించండి. ఆదివారం మాత్రం వద్దు, టిక్కెట్ల వరస చూస్తేనే నీరసం వస్తుంది.

చూడవలసినవి చాలామంది రాశారు, నేను తొందరగా దాటేస్తాను. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కో డ గామా సమాధి రాయి ఉంది. ఆయన 1524లో కొచ్చిలోనే చనిపోయాడు, అవశేషాలను 1539లో లిస్బన్‌కు తీసుకుపోయారు. అదే చర్చిలో తాళ్లతో లాగే గుడ్డ పంఖాలు ఇంకా వేలాడుతున్నాయి. పైకి చూడడం మరిచిపోకండి. మట్టాంచేరి ప్యాలెస్ అనేది 1555లో పోర్చుగీసులు కొచ్చి రాజు కోసం కట్టించినది. దాని గోడల మీది రామాయణ చిత్రాల దగ్గర మీ అత్తగారు మీకన్నా ఎక్కువసేపు నిలబడతారని నా నమ్మకం, శుక్రవారం సెలవు. 1568 నాటి యూదుల ప్రార్థనామందిరంలో చైనా నుంచి తెచ్చిన నీలి, తెలుపు పలకలు పరిచి ఉన్నాయి, శనివారం తెరవరు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఆ వీధి యూదుల్లో చాలామంది అక్కడికి వెళ్లిపోయారు, ఇప్పుడు అక్కడున్నవి ఎక్కువగా దుకాణాలే. ఆటో అతను ‘ఒక్క నిమిషం, ఊరికే చూడండి’ అని ఏదైనా దుకాణం ముందు ఆపితే దిగకండి, అతనికి కమీషన్ ఉంటుంది. ఇవన్నీ వారంలో అయిపోతాయి.

మిగిలిన మూడు వారాలకు విసుగు పుడుతుందా అంటే, మీకు పుట్టదు. మీకు ఆఫీసు ఉంది, పొద్దున నడక ఉంది. బజార్ రోడ్డు మీదుగా మట్టాంచేరి దాకా నడిచి చూడండి, గిడ్డంగుల నుంచి శొంఠి, మిరియాల వాసన వస్తూనే ఉంటుంది. నా బెంగ మీవారి గురించి. రిటైరైన మగవాళ్లకు కొత్త ఊళ్లో పదో రోజు నుంచి కాళ్లు ఆడవు. ఆయనకు ఒక పని అప్పగించండి, అది కూరగాయలైనా సరే, పడవ ఎక్కి ఎర్నాకుళం నుంచి తెలుగు పత్రిక దొరుకుతుందేమో వెతకడమైనా సరే. అత్తగారికి వరండా కావాలి. వీధి కనిపించే వరండా, ఒక కుర్చీ, పలకరించే ఇంటావిడ ఉంటే ఆవిడకు రోజు గడిచిపోతుంది. అందుకే ఇంటివాళ్లు అక్కడే నివాసం ఉండే ఇల్లు చూడమంటాను. మనుషులు లేకుండా తాళంచెవులు పెట్టెలో పెట్టి వెళ్లే ఇళ్లు ఇప్పుడు అక్కడ కూడా వచ్చాయి, మీకు అవి వద్దు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఆపింది, మారేడ్‌పల్లి పెంకుటిళ్ల గురించి రాసినది. ఫోర్ట్ కొచ్చిలో మంగళూరు పెంకుల కప్పులు, పెరటి చెట్లు మీకు మళ్లీ కనిపిస్తాయి. అయితే అక్కడి ఇళ్లు కూడా ఒక్కొక్కటిగా హోటళ్లు అవుతున్నాయి. ఒక వీధిలో కాపురం ఉండేవాళ్ల కన్నా పెట్టెలు లాక్కుంటూ వెళ్లేవాళ్లు ఎక్కువైతే అక్కడివారికి ఎలా ఉంటుందో మీకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. గేట్ల ముందు నిలబడి లోపలి మనుషులను ఫొటో తీసే అలవాటు చాలామందికి ఉంది, మీకు లేదనే అనుకుంటున్నాను. ఆదివారం పొద్దున ఇంటివాళ్లు చర్చికి వెళ్తారు, ఆ పూట ఫలహారం ఆలస్యమైతే తొందరపెట్టకండి.

డబ్బు మాత్రం నెలకు ఒకేసారి కట్టకండి. ముందు ఐదు రోజులకు మాట్లాడుకుని, నచ్చితే మిగతా రోజులు నెల లెక్కన ఉంటామని ఇంటివారితో చెప్పి, ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. ఐదో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ అత్తగారిని అడగండి, మీవారు పక్కన లేనప్పుడు. ఆవిడ బాత్రూము గురించి, నీళ్ల గురించి ఫిర్యాదు చేస్తే అదే వీధిలో ఇంకో ఇల్లు చూడండి. గుడికి రేపు ఎన్నింటికి వెళ్దామని ఆవిడే ఎదురు అడిగితే, మిగతా అద్దె కట్టేయండి.